నాచును మేసేవాళ్లు



రంజాన్ నెలలో హైదరాబాదులోని యాకుత్‌పురాలో ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా సేమ్యాలు, ఖర్జూరాల పక్కన చైనా గ్రాస్ పొట్లాలు కనిపిస్తాయి. తెల్లటి ఎండు పీచు. చేతిలోకి తీసుకుంటే బరువుండదు, నోట్లో వేసుకుంటే రుచుండదు. దాన్ని కాసేపు నానబెట్టి, పొయ్యి మీద కరిగేదాకా కలియబెట్టి, చక్కెర వేసి కాచిన పాలలోకి వడగట్టి, పళ్లెంలో పోస్తారు. ఫ్రిజ్‌లోకి వెళ్లకముందే అంచుల దగ్గర పేరుకోవడం మొదలవుతుంది. ఇఫ్తార్ వేళకు కత్తితో డైమండ్ ముక్కలు కోస్తారు. పాలను అలా గడ్డకట్టించేది అగర్. అగర్‌ను తీసేది సముద్రపు ఎర్ర నాచు నుంచి.

మన దేశంలో అగర్‌కు పనికొచ్చే నాచుకు పెట్టింది పేరు తమిళనాడులోని రామనాథపురం తీరం. అక్కడి ఆడవాళ్లు నడుముకు సంచి కట్టుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, లోతు తక్కువ నీళ్లలో మునిగి, రాళ్ల మీద నుంచి చేత్తో పీకి తెస్తారు. ఆ రాళ్లలో చాలావరకు రాళ్లు కావు, ఎప్పుడో చచ్చిపోయిన పగడాలు. అంటే సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన పాతబస్తీ వంటింటికి కూడా పగడపు దిబ్బతో చుట్టరికం ఉందన్నమాట. ఇవాళ ఆ దిబ్బ గురించి, దాని మీద మొలిచే నాచు గురించి, ఆ నాచును మేసే జీవాల గురించి చెప్పుకుందాం.

ముందుగా ఒక పొరపాటు పడకుండా చూసుకోవాలి. పత్తర్‌గట్టీ దుకాణాల్లో ఉంగరాలకు పొదిగే ఎర్ర పగడం వేరు. పేరుపడ్డ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలోది. అది దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టే పగడాలు వెచ్చని, తేటైన, ఎండ తగిలే నీళ్లలో ఉంటాయి. మన దేశంలో అండమాన్ నికోబార్, లక్షద్వీప్, కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ వాటికి ముఖ్యమైన చోట్లు. గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీళ్లూ ఒండ్రూ పడవు కాబట్టి ఆంధ్ర తీరంలో అలాంటి పెద్ద దిబ్బలు కట్టలేదు. పూడిమడక దగ్గర సముద్రంలో రాళ్లను పట్టుకుని కొన్ని పగడాలు బతుకుతున్నాయని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఆ మధ్య నమోదు చేశారు.

పగడం జంతువు. పాలిప్ అనే చిన్న జీవి, ఒక నోరు, నోటి చుట్టూ చిన్న చిన్న చేతులు, కింద తాను కట్టుకున్న సున్నపు గూడు. ఇలాంటివి లక్షలు కలిసి ఒక దిబ్బ. విచిత్రం ఏమిటంటే ఈ జంతువు ఒంట్లో కంటికి కనిపించనంత సన్నటి నాచు కాపురం ఉంటుంది. ఎండతో అది వండుకున్న తిండిలో చాలా భాగం పగడానికే ఇస్తుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అలా అందుతుంది. నీళ్లు వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి వెళ్లగొడుతుంది. రంగు పోయి పాలిపోతుంది. దాన్నే బ్లీచింగ్ అంటున్నారు. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, తగ్గకపోతే ఆకలితో చస్తుంది.

అంటే ఒంటి లోపలి నాచు లేకపోతే పగడానికి బతుకు లేదు. ఒంటి బయటి నాచు పెరిగిపోతే కూడా లేదు.

ఎందుకో చూడండి. దిబ్బ మీద అన్నిటికన్నా ఖరీదైనది చోటు. గుండ్రటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప, కొమ్మల పగడాలు పది సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. నాచుకు వారాలు చాలు. పగడం చచ్చిన చోట కొద్ది రోజుల్లోనే పలచగా పాకుడు పడుతుంది, దాని మీద పొట్టి నాచు మొలుస్తుంది. ఇక్కడే దిబ్బ జాతకం తేలిపోతుంది. ఆ పొట్టి నాచును ఎవరో ఒకరు రోజూ మేస్తూ మిల్లీమీటర్లలో ఉంచితే, మధ్యలో గులాబి రంగు గట్టి పొరలా పరుచుకునే ఇంకో రకం నాచుకు జాగా దొరుకుతుంది. అది పగడానికి మిత్రుడు. విరిగిన ముక్కల్ని అతికిస్తుంది, నీళ్లలో ఈదుతూ వచ్చే మిల్లీమీటరు పగడపు పిల్లలకు ఇక్కడ దిగమని వాసనతో చెబుతుంది. మేసేవాళ్లు లేకపోతే మాత్రం పొట్టి నాచు మీద సర్గాసమ్ లాంటి పొడుగు నాచు లేస్తుంది. అది లేచాక పిల్ల పగడం దిగడానికి నేలే ఉండదు.

పక్కన బతికున్న పెద్ద పగడానికీ ఊరట ఉండదు. నాచు దాని మీద నీడ పడేస్తుంది. అలలకు ఊగుతూ ఒరుసుకుంటుంది. కొన్ని రకాలు తాకిన చోట విషం పూస్తాయని ఫిజీ, పనామాలలో చేసిన ప్రయోగాల్లో తేలింది, ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. ఇంకొకటి, నాచు నీళ్లలోకి వదిలే చక్కెరలు తిని సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి పగడం పక్కన ప్రాణవాయువును లాగేసుకుంటాయి.

పగడం కదలలేదు గదా, ఏం చేస్తుంది? పిలుస్తుంది. 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. ఫిజీలో ఒక కొమ్మల పగడానికి విషపు నాచు తాకేలా పెట్టి చూశారు. ఆ పగడం కొమ్మల మధ్య వేలెడంత లేని గోబీ అనే చేపలు కాపురం ఉంటాయి. నాచు తాకగానే పగడం నీళ్లలోకి ఏదో రసాయనం వదిలింది. పావుగంటలోపు గోబీలు ఆ చోటికి వచ్చి నాచును కొరకడం మొదలుపెట్టాయి. వాటిలో ఒక రకం ఆ నాచును తిని తన ఒంట్లో విషం కూడా పెంచుకుంది. చిత్రం, నాచు రసాయనం ఒక్కటే నీళ్లలో పోస్తే అవి కదల్లేదు. దెబ్బ తిన్న పగడం చుట్టూ ఉన్న నీళ్లు పోస్తేనే వచ్చాయి.

గోబీలు ఇంటి కాపలాదార్లు. ఊరు మొత్తానికి పని చేసేవి వేరే ఉన్నాయి. వాటిలో ముందు చెప్పాల్సింది చిలక చేప. దాని పళ్లు కలిసిపోయి చిలక ముక్కులా ఉంటాయి. నాచును కోయదు, దిబ్బను గీకుతుంది. నీళ్లలో మునిగినవాళ్లకు ఆ గీకుడు చప్పుడు చెవికి వినిపిస్తుంది. నాచుతో పాటు సున్నమూ లోపలికి పోతుంది, గొంతులోని ఇంకో జత పళ్లు దాన్ని పిండి చేస్తాయి, వెనక నుంచి తెల్లటి ఇసుకై బయటికొస్తుంది. మాల్దీవుల్లోని వక్కారు దీవి దగ్గర లెక్క కడితే అక్కడ కొత్తగా తయారవుతున్న ఇసుకలో 85 శాతానికి పైగా చిలక చేపల పుణ్యమేనని తేలింది. సెలవులకు వెళ్లి ఆ ఇసుకలో పడుకుని ఫొటోలు దిగేవాళ్లకు ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చిలక చేప తర్వాత సర్జన్ ఫిష్, రాబిట్ ఫిష్. చేపలు కానివాళ్లలో సీ అర్చిన్. ఒళ్లంతా పొడుగు ముళ్లు, కింద అయిదు పళ్లున్న నోరు. రాత్రిళ్లు బయటికొచ్చి మేస్తుంది.

మేసేవాళ్లు పోతే ఏమవుతుందో ప్రపంచానికి పాఠం చెప్పింది జమైకా. అక్కడ దశాబ్దాలుగా చేపల్ని పట్టి ఊడ్చేశారు. చిలక చేపలు, సర్జన్ చేపలు దాదాపు మిగల్లేదు. అయినా దిబ్బ ఆరోగ్యంగానే కనిపించింది. ఎందుకంటే చేపలు వదిలేసిన మేతంతా నల్ల సీ అర్చిన్లు మేశాయి. 1980లో అలెన్ తుఫాను కొట్టింది, కొమ్మల పగడాలు విరిగి చెల్లాచెదురయ్యాయి. అయినా మళ్లీ కొత్త పిల్లలు పట్టుకున్నాయి, కోలుకుంటుందన్న ఆశ కలిగింది. 1983 మొదట్లో పనామా దగ్గర ఆ అర్చిన్లకు ఏదో తెగులు వచ్చింది. ఏడాది కాస్త దాటేసరికి కరీబియన్ అంతటా పాకి, నూటికి తొంభై పైన అర్చిన్లను చంపింది. ఇక మేసే దిక్కు లేదు. టెరెన్స్ హ్యూస్ అనే శాస్త్రవేత్త 1994లో ప్రకటించిన లెక్క ఇది: 1977లో జమైకా దిబ్బల మీద 52 శాతం చోటు పగడానిది, 4 శాతం నాచుది. 1993 నాటికి పగడం 3 శాతం, నాచు 92 శాతం.

నన్ను ఆలోచింపజేసేది ఆ ఆఖరి అంకెలు కాదు, అంతకుముందు దిబ్బ బాగున్నట్టు కనిపించిన సంవత్సరాలు. పదిమంది చేయాల్సిన పని ఒక్కరు చేస్తున్నారు, ఆ ఒక్కరూ పడిపోయేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. 2022లో ఆ కరీబియన్ అర్చిన్లకే మళ్లీ తెగులు వచ్చింది. ఈసారి కారణం ఒక ఏకకణజీవి అని మరుసటేడే పట్టుకున్నారు. పట్టుకున్నంత మాత్రాన చచ్చినవి తిరిగి రావు.

ఈ కథకు అటు ముఖం కూడా ఉంది, మేసేవాళ్లు తిరిగొస్తే ఏమవుతుందన్నది. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఆర్ఫియస్ దీవి దగ్గర శాస్త్రవేత్తలు దిబ్బ మీద పెద్ద పెద్ద పంజరాలు కట్టి చేపల్ని రానివ్వకుండా చూశారు. అనుకున్నట్టే లోపల సర్గాసమ్ చిట్టడవిలా పెరిగింది. అప్పుడు పంజరాలు తీసేసి కెమెరాలు పెట్టారు, చిలక చేపలొచ్చి శుభ్రం చేస్తాయని. అవి వచ్చాయిగానీ పెద్దగా పట్టించుకోలేదు. ఎదిగిన నాచు వాటి నోటికి లొంగలేదు. కొన్ని వారాల్లో అడవిని నరికేసింది బ్యాట్‌ఫిష్ అనే వెడల్పాటి చేప. దానికి నాచు తినే అలవాటు ఉందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. ఆ ఫలితం 2006లో వచ్చింది. లేత నాచును మేసేవాళ్లు వేరు, ముదిరినదాన్ని నరికేవాళ్లు వేరు. ఏ చేప దేనికి పనికొస్తుందో తెలియకుండా పట్టి అమ్మేస్తే, అవసరమొచ్చిన రోజున పిలవడానికి ఎవరూ ఉండరు.

ఇక మన తీరానికి వద్దాం. సముద్రపు నాచు మీద తొలినాళ్లలో గట్టి పని చేసినవారిలో మన తెలుగాయన ఉన్నారు, ఎం. ఉమామహేశ్వరరావు గారు. విశాఖపట్నం తీరంలో అలలు వచ్చి పోయే రాళ్ల మీద పెరిగే నాచును టి. శ్రీరాములు గారితో కలిసి అధ్యయనం చేస్తే, అది 1964లో జర్నల్ ఆఫ్ ఎకాలజీలో అచ్చయింది. తర్వాత ఆయన రామనాథపురం తీరాన మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థలో పనిచేశారు. 1969 జనవరిలో మండపం క్యాంపులో పగడాల మీద పెద్ద సదస్సు జరిగితే, మన్నార్ సింధుశాఖ, పాక్ బే దిబ్బల మీది నాచు గురించి ఆయన పత్రం ఇచ్చారు. నాచుంటే దిబ్బ పాడైనట్టే అనుకునేవాళ్లు ఆ పత్రం చూడాలి. దిబ్బ అన్నాక నాచు ఉంటుంది, రకరకాలుగా ఉంటుంది. ఎంత ఉంది, ఏ రకం ఉంది, ఎవరు మేస్తున్నారు అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

లక్షద్వీప్ కథ మేతకు అనుకూలమైన సాక్ష్యం. 1998 వేసవిలో అక్కడి పగడాలు ఘోరంగా తెల్లబారి చచ్చాయి. జమైకా లెక్కన నాచు కమ్మేయాలి. చాలాచోట్ల కమ్మలేదు. అక్కడి జాలర్లు 1960ల నుంచి ఎక్కువగా బయటి సముద్రంలో గాలాలతో ట్యూనా పట్టుకుని బతికారు, దిబ్బ చేపల జోలికి పెద్దగా పోలేదు. మేసే చేపలు మిగిలాయి, పగడం తిరిగి పట్టుకుంది. మళ్లీ 2010, మళ్లీ 2016, వేడి దెబ్బ మీద దెబ్బ తగిలింది. 1998లో దాదాపు 37 శాతం ఉన్న పగడపు విస్తీర్ణం 2022కి 20 శాతం లోపుకు పడిపోయిందని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ల దీర్ఘకాల అధ్యయనం చెబుతోంది. మేసేవాళ్లు ఎంతమంది ఉన్నా కోలుకోవడానికి నడుమ కాస్త వ్యవధి కావాలి గదా. ఈ మధ్య దిబ్బ చేపల మీద కూడా వ్యాపారుల కన్ను పడింది, అది ఇంకో గుబులు. మేత ఎప్పుడూ మంచిదే అనీ అనలేం. అదే లక్షద్వీప్‌లో అగట్టి దగ్గర పచ్చ తాబేళ్లు గుంపులుగా చేరి సముద్రపు గడ్డిని మట్టంగా మేసేశాయి, జాలర్లకు వాటి మీద కోపం వచ్చింది.

నీళ్లు వేడెక్కుతున్నాయన్న కబురు లక్షద్వీప్‌కు ఎక్కడి నుంచి వెళుతుందో తెలుసా? మన హైదరాబాదు నుంచే. యాకుత్‌పురాకు నగరం అటు చివర, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే జాతీయ సంస్థ ఉంది. సునామీ హెచ్చరికలు ఇచ్చేది, జాలర్లకు చేపలు దొరికే చోట్లు చెప్పేది అదే. 2011 నుంచి పగడాల బ్లీచింగ్ హెచ్చరికలు కూడా ఇస్తోంది. ఉపగ్రహాలు కొలిచిన సముద్రం పైనీటి వేడిని, ఆ చోట ఏడాదిలో అన్నిటికన్నా వేడి నెల సగటుతో పోల్చి, ఎంత ఎక్కువైంది, ఎన్ని వారాలుగా ఎక్కువైంది అని కూడబెడతారు. ఆ మొత్తం నాలుగు దాటితే బ్లీచింగ్, ఎనిమిది దాటితే చావులు అని లెక్క. ఎంతో విలువైన పని. కానీ ఉపగ్రహం వేడిని చూస్తుంది, చిలక చేపను చూడలేదు. ఎక్కడ పగడం జబ్బు పడుతుందో ఆ బులెటిన్ చెప్పగలదు. ఎక్కడ లేచి కూర్చుంటుందో చెప్పాలంటే మనిషి నీళ్లలో దిగి చేపల్ని లెక్కపెట్టాలి. ఆ లెక్కపెట్టే మనుషులు మనకు చాలా తక్కువ. డబ్బు ఎక్కువగా పెట్టాల్సిన చోటు అదేనని నా నమ్మకం.

నాచు బలవడానికి ఇంకో కారణం మురుగునీరు, దాని సంగతి ఒక్క మాటలో. మన నాలాల నీళ్లు మూసీలో కలిసి, వాడపల్లి దగ్గర కృష్ణలో చేరి బంగాళాఖాతానికి పోతాయి. నాచుకు అవి ఎరువు. మీరాలం చెరువులో గుర్రపుడెక్క ఎందుకు అలా అల్లుకుంటుందో, మురుగు చేరిన దిబ్బ మీద నాచు కూడా అందుకే బలుస్తుంది. మేసేవాళ్లు తగ్గడం, ఎరువు పెరగడం రెండూ ఒకేచోట జరిగితే ఇక చెప్పేదేముంది.

చివరగా కురుసడై. పంబన్ వంతెన దగ్గరి చిన్న దీవి, మన్నార్ సింధుశాఖ జాతీయ పార్కులోని 21 దీవుల్లో ఒకటి. దాని కథ నాచు సాగుతో మొదలవుతుంది. ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో చిక్కదనం కోసం వాడే కారాజీనన్ అనే పదార్థానికి కప్పాఫైకస్ అనే విదేశీ నాచు కావాలి. అది ఫిలిప్పీన్స్ జాతి. భావనగర్‌లోని ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దాన్ని మన నీళ్లకు అలవాటు చేసింది, 2000 ప్రాంతంలో పెప్సికో సంస్థ మండపం తీరంలో సాగు మొదలుపెట్టించింది. వెదురు తెప్పకు తాళ్లు కట్టి, తాళ్లకు నాచు ముక్కలు కడతారు. 45 రోజుల్లో పంట. వేలమందికి, ముఖ్యంగా ఆడవాళ్లకు చేతిలో డబ్బు ఆడింది. దీన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు మనకు లేదు.

అయితే ఆ తెప్పను ఒక్కసారి దగ్గరగా చూడండి. అడుగున వల కట్టి ఉంటుంది. రాబిట్ ఫిష్ లాంటివి వచ్చి పంట మేయకుండా. రైతుకు ఏ చేప దొంగో, పగడానికి ఆ చేపే వైద్యుడు. ఈ నాచుకు విత్తనం అక్కర్లేదు, తెగిన ముక్క చాలు. 2005లో తమిళనాడు ప్రభుత్వం దీని సాగును పాక్ బేకు ఉత్తరాన, తూత్తుకుడికి దక్షిణాన మాత్రమే చేసుకోవాలని ఉత్తర్వు ఇచ్చింది. 2008లో మదురై శాస్త్రవేత్తలు కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు, కురుసడై దగ్గర కొమ్మల పగడాల మీద కప్పాఫైకస్ దుప్పటిలా పరుచుకుని ఉందని, దాని కింద పగడం చచ్చిపోతోందని. అది కొద్ది చోట్లకే పరిమితం, భయపడాల్సింది లేదని వాదించినవాళ్లూ ఉన్నారు. అటవీ శాఖవాళ్లు చేత్తో పీకించారు. పీకిన చోట ముక్క మిగిలితే మళ్లీ మొలుస్తుంది.

2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచు సాగుకు 640 కోట్లు కేటాయించారు. ఆంధ్ర తీరంలోనూ ప్రయోగాలు జరిగాయి. సాగు వద్దని నేను అనను. మన తీరంలో పుట్టిన జాతుల్ని పెంచడం, దిబ్బలకు దూరంగా పెంచడం, తెప్ప దించే ముందు ఆ నీళ్లలో మేసే చేపల లెక్క తీయడం, ఈ మూడూ సాగుకిచ్చే ఉత్తర్వులో రాయాలని మాత్రం అంటాను. హవాయిలో ఇదే నాచును 1970ల్లో తెచ్చి పెంచితే కనియోహే అఖాతంలో దిబ్బలను కప్పేసింది. అక్కడ పడవ మీద పెద్ద పంపు పెట్టి, గజ ఈతగాళ్లు నాచును పీకి గొట్టంలోకి అందిస్తూ టన్నుల కొద్దీ తోడేశారు. తోడినచోట మిగిలిన ముక్కలు మళ్లీ మొలిచాయి. దాంతో ఆ ప్రాంతపు సీ అర్చిన్లనే హేచరీలో పెంచి, 2011 నుంచి లక్షల సంఖ్యలో దిబ్బల మీద వదులుతున్నారు. ముందు పంపు తోడుతుంది, దాని వెనకే అర్చిన్లు మేస్తూ వెళతాయి.